కొంగుముడిలో బాబిన్ కేసు

నా రెండు కళ్ళ మీద ఒట్టు, ఇందులో ప్రతి ముక్కా నిజం.

జనగామలో మహబూబాబాద్ బస్సెక్కాను. నా సీట్లోనే అటు చివర ఒకామె. ఆమె ఒళ్ళో చంటిది, మా ఇద్దరి మధ్య ఆమె మూడేళ్ళ కొడుకు, ఇద్దరూ నిద్రలో ఉన్నారు. ఆమె ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టింది.

“వదినా, మిషిన్ నడుస్తుంది గని కుట్టు పడతలేదు.”

“నూనె పొయ్యి, పిల్లా.”

“నిన్ననే పోసిన.”

“సూది మార్చు.”

“మూడు మార్చిన!”

“అయ్యో, నీకెంత పరేషాన్ వచ్చె!” అని ఎంతో ప్రేమగా పెట్టేసింది.

పెట్టేసి, కొంగుముడి విప్పి నాకు చూపించింది. అడుగు దారాన్ని పట్టుకునే చిన్న ఇనుప డబ్బీ, బాబిన్ కేసు. అది లేకుండా ఏ మిషనూ కుట్టదు.

“గీళ్లు పండుకున్నంక నాకు దొరికేది ఒక్క గంట, అన్నా. గా గంటల ఇష్టంగ గౌన్లు కుట్టుకుంటుంటి. పిల్లలతల్లికి గీ సోకులేందని మా అత్త మిషిన్ తీస్కపోయి తన బిడ్డకిచ్చింది. గిదొకటుంటదని గూడ ఆ పిల్లకు తెల్వది.”

“మరి ఎప్పుడిస్తవు?”

“మిషిన్ మా ఇంటికి తిరిగొచ్చిననాడు.”

“పగ మంచిది కాదు తల్లీ, ఇచ్చెయ్యి” అని బుద్ధి చెప్పి మహబూబాబాద్‌లో దిగాను.

ఒట్టేశాను కనుక ఒప్పుకోక తప్పదు. ఆ బుద్ధి చెప్పడం ఒక్కటే నా కల్పన. నిజానికి దిగేముందు నేను ఆమెతో అన్నది ఇది:

“రేపు ఫోన్ జేస్తే బెల్టు మార్చమను, చెల్లె. ఎల్లుండికి పెడల్ ఉండనే ఉన్నది.”