నేను చదివిన టేకు, నాక దాటిన అల్మర

అన్యాయం జరిగింది నాకు. మొన్న శనివారం, పట్టపగలు, పాల్వంచకొచ్చే తొవ్వల, బండ్లు ఆపి చూసే ఫారెస్టు నాక దగ్గర, జీపు నిండ జనం చూస్తుండంగ. చేసిందెవరో మీరే చెప్పాలె. నాకు ముగ్గురి మీద అనుమానమున్నది, అందుల ఒకరి పేరు చెప్పబుద్ధి అయితలేదు.

మా వంటిల్లు చూసిన్రు గదా. చేతులు చాపితే రెండు గోడలూ తగుల్తయ్. కిరాయి ఇల్లు, గోడకు మేకు కొడితే ఇంటామె తన ఒంట్ల దిగినట్టే ఉరికొస్తది. గ్యాసు పొయ్యి వచ్చింది గని గిన్నెలు, పప్పు డబ్బాలు, కారం సీసా అన్నీ నేల మీదనే. నిలబడి వండుడు, వంగి దేవులాడుడు. ఆ ఇంట్ల ఎలుకలు నాకంటే సుఖంగ ఉన్నయ్. మా ఆయనది కరెంటు కార్ఖానల కాంట్రాక్టు పని, జీతం వచ్చిన దారినే పోతది. అయినా చీటీ ఎత్తి, తన కాళ్ల మీద తను నిలబడే చెక్క అల్మర ఒకటి చేయించాలనుకున్న. మళ్ల ఇంకోటి చేయించే తాహతు లేదు, చేయిస్తే గట్టిదే చేయించాలె.

మా తల్లిగారి ఊరు చండ్రుగొండ దిక్కు. అక్కడి వడ్రంగి సోమాచారి నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును. "మామిడి చెక్కతోని మూడొందలకు చేసిస్త చెల్లె. వంటింటికి అంతకన్న ఏం గావాలె?" అన్నడు.

నేను ఊకుంటనా. బడి ఐదో తరగతితోనే ఆగింది గని, లైబ్రరీల దొరికిన పుస్తకమల్ల చదివిన దాన్ని. "మామిడికి పురుగు పడ్తది చారన్నా. టేకుకు పట్టదు. టేకంటే తేనె రంగుంటది, నడుమ నల్లటి గీతలుంటయ్, చెయ్యి పెట్టి రాస్తే నూనె తగిలినట్టుంటది" అని ఆయన అరుగు మీద కూసోని ఆయనకే పాఠం చెప్పిన. ఉలి పక్కన పెట్టి మరీ విన్నడు. "గీతలు సన్నగనా, లావుగనా చెల్లె?" అని గూడ అడిగిండు. ఎంత వినయమో అనుకున్న.

నెల తిరగకముందే అల్మర తయారైంది. కూలగొట్టిన పాత ఇంటి తలుపు చెక్క అన్నడు. తేనె రంగున్నది. నల్ల గీతలున్నయ్. రాస్తే నూనె. నేను చెప్పినవి ఒక్కటి తప్పలే. బేరమాడకుండ అడిగినంత చేతుల పెట్టిన.

జీపు నెత్తి మీద కట్టించిన. ఆకాశం మబ్బు పట్టింది. పక్కన కూసున్న ముసలమ్మ "అదేం కట్టె బిడ్డా?" అన్నది. "టేకు" అన్న. అడగనోళ్లకు గూడ చెప్పిన.

నాక కాడ గార్డు చెయ్యి అడ్డం పెట్టిండు. "పైన ఏంది?"

"మామిడి అల్మర సారూ, మా అక్కది" అన్నడు డ్రైవరు రాంబాబు.

గార్డు ఒకసారి పైకి చూసి, "మామిడే. పో" అన్నడు.

అక్కడితోనే అయిపోయేది. కాయితం లేని టేకు నాక దాటదని ఈ అడవి అంచున పుట్టినోళ్లకు పాలు తాగే వయసులనే తెలుస్తది. నాకూ తెలుసు. గని జీపుల జనమంత నా దిక్కే చూస్తున్నరు, ముసలమ్మ అయితే మూతి గూడ తిప్పింది.

"మామిడేంది? కండ్లు కనపడ్తలేవా? అసలైన టేకు. ఆ గీతలు చూడు" అన్న.

రాంబాబు స్టీరింగు మీద నెత్తి పెట్టుకున్నడు.

"అట్లనా అమ్మా? మరి కాయితమేది?" అన్నడు గార్డు.

అల్మర దించిన్రు. పెద్దసారు వచ్చి చూసేదాక కదలొద్దన్నరు. ఇంతల్నే వాన. రేకుల కింద మనుషులకే చోటు లేదు, అల్మర బయటనే. నా చీటీ పైసలు కండ్ల ముందల్నే నానుతుంటే ఎట్ల నిలబడ్త? ఉరికి కొంగుతోని తుడిచిన. కొంగు తేనె రంగైంది. ఇంకోసారి తుడిచిన. నల్ల గీత కొంగుకొచ్చింది.

గార్డు గొడుగేసుకోని వచ్చి గోటితోని గీకిండు. లోపల తెల్లగున్నది. "మామిడే అమ్మా. సంబురంగ తీస్కపో."

వేరేటోళ్లయితే దండం పెట్టి జీపెక్కుదురు. నేను కొట్లాటకు దిగిన. "సక్కగ చూడు తమ్మీ. అడుగు పలకన్న టేకై ఉంటది. పైపైన గీకి మామిడంటే ఎట్ల?"

"టేకని రాసి జప్తు చేయాల్నా?" అన్నడు.

"నేను ముందుగాలనే చెప్పిన గదక్కా మామిడని" అన్నడు రాంబాబు. జీపంత ఒకటే నవ్వుడు. ముసలమ్మకైతే దగ్గొచ్చింది.

తెల్లారి చారి ఇంటి మీదికి పోయిన. కొంగు చూపిచ్చి ఊరంత వినేటట్టు తిట్టిన. పైసలు వాపసు ఇయ్యమన్న. ఆయన చల్లగ బీడీ ఆర్పి, "చెల్లె, నువ్వు చెప్పిన గుర్తులల్ల ఏది తక్కువైంది? ఆ గీతలు గీసుడుకే రెండు దినాలు పట్టింది" అన్నడు.

కొంగు మడిచి నడుముల దోపుకోని వాపసొచ్చిన.

ఇప్పుడు అల్మర వంటింట్ల ఉన్నది. చారలు చారలుగ, బొల్లి వచ్చినట్టు. గని నిలబడ్డది. డబ్బాలన్నీ ఎక్కినయ్, ఎలుకలు కిందికెల్లి చూస్తున్నయ్. మా ఆయన "మంచిగనే ఉన్నది, ఎంతైంది?" అన్నడు.

మామిడి చెక్కకు మూడొందలు. నేను చెప్పిన పాఠానికి మూడొందల యాభై. మొత్తం ఆరొందల యాభై.