ఇంకొక్క దెబ్బ

రాతి నేలలో ఇరవై ఏళ్లు బావి తవ్విన రైతు కథ అది. పట్టుదల అంటే ఏమిటో తెలియాలంటే ఆ పాత నవల చదవాలంటారు. మూడుసార్లు చదివినా దాని అర్థం నాకు అంతుపట్టలేదు. ఈ రోజు ఆటోనగర్‌లో వ్యాన్ బాగుచేయిస్తూ నాలుగోసారి మొదలుపెట్టాను. పక్కనే మెకానిక్ అప్పారావు తుప్పు పట్టిన బోల్టును సుత్తితో చావబాదుతున్నాడు.

"ఇది రాదు బాబూ. గ్యాస్ పెట్టి కోసేత్తాను" అన్నాడు.

చేతిలో ఆ పుస్తకం ఉంటే నోరు ఊరుకుంటుందా? "ఇంకొక్క దెబ్బ! వదలకు" అన్నాను.

పళ్లు బిగించి కొట్టాడు. బోల్టు తల విరిగి, ఎగిరొచ్చి అతని కనుబొమ్మను చీల్చింది. అర అంగుళం కిందికి తగిలుంటే కన్ను పోయేది. రక్తం చెంప మీదుగా కారి చొక్కా తడిసిపోయింది.

ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, నా రుమాలుతో గాయం అదుముకుంటూ ఆ పుస్తకంలో ఏముందని అడిగాడు. చెప్పాను.

"ఆ రైతు పక్కన నిలబడి ఇంకొక్క దెబ్బ అన్నోడు ఎవుడైనా ఉన్నాడేటి?"

"లేడు."

"అందుకే ఆడికి నీళ్లొచ్చాయి. నాకు రగతం వచ్చింది."

నాకు మూడుసార్లు చదివినా దొరకని అర్థం నాలుగు కుట్లతో దొరికింది. కుట్లు పడింది మాత్రం అతనికి. పక్కవాడి చేత సుత్తి పట్టించి పట్టుదల గురించి చదువుకునేవాళ్లు నాలా ఇంకెవరైనా ఉన్నారా?