విహారం గడిలో టిక్కు

నా కోపానికి చేతినిండా పని దొరికిన రోజులవి. ఇప్పుడంటే వయసు నలభైకి దగ్గరపడి, బీపీ మాత్ర వేసుకుని, కోపాన్ని కాస్త పొదుపుగా వాడుకుంటున్నాను. ఎకనామిక్స్‌లో ఎం.ఏ. ముగించి మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మాత్రం పొద్దున లేస్తే కోపం, బస్సెక్కితే కోపం, ఎవరైనా ‘ఆడపిల్లవు, నీకెందుకమ్మా ఇవన్నీ’ అంటే మరీ కోపం. (మా నాయన నన్ను అగ్గిపెట్టె అని పిలిచేవాడు. దానికి కూడా కోపం వచ్చేది.) మొన్న టీవీలో నలుగురు పెద్దమనుషులు కూర్చుని, దేశమంతా హైస్పీడు రైళ్ళు వేస్తే ఎంత లాభమో చెబుతున్నారు. అందులో ఒకాయన ‘ప్రయాణికుల సమయం విలువ’ అన్నాడు. నేను రిమోట్ సోఫా మీదికి విసిరేశాను. మా ఆయన బెదిరిపోయి ఏమైందని అడిగాడు. ఏమైందో చెప్పాలంటే గన్‌ఫౌండ్రీలో ఒక మూడో అంతస్తు దగ్గర మొదలుపెట్టాలి.

ఆ మూడో అంతస్తులో రెండు గదుల ఆఫీసు మాది. ఎవరికి ఏ రిపోర్టు కావాలంటే అది రాసిచ్చేవాళ్ళం. యజమాని తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబంవాడు. చెడ్డవాడేం కాదు. కాకపోతే లోకంలో ఉన్నదంతా పది స్లైడుల్లో పట్టాలన్నది ఆయన నమ్మకం, అందుకే చాటున ఆయన్ని స్లైడు సారు అనేదాన్ని. హైదరాబాదు నుంచి మహానగరాలకు హైస్పీడు రైలు వేస్తే దేశానికి ఒరిగేదేమిటో తేల్చే పెద్ద రిపోర్టులో ఒక ముక్క మా చేతికొచ్చింది. సారు చెబుతుంటే నాకు నిజంగానే ఒళ్ళు పులకరించేది. ఇక్కడ టిఫిను తిని బయల్దేరినవాడు భోజనానికి ముంబయిలో ఉంటాడు, దారిలోని చిన్న పట్నాలకు ఫ్యాక్టరీలు వస్తాయి, ఊరు వదలకుండానే పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతాయి, విమానాలకు పోసే చమురు మిగులుతుంది. ఇదంతా నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. (నా కోపం రైలు మీద కాదు, ముందే చెబుతున్నాను.)

అయితే అంత డబ్బు పోసి వేసే లైనుకు లాభం చూపించాలంటే పెద్ద ఆధారం ఒక్కటే, మనుషులకు మిగిలే సమయం. మిగిలిన ప్రతి గంటకూ ఒక ధర కట్టాలి. ఎవరి గంటకు ఎంత అన్నది వాళ్ళు ఎందుకు ప్రయాణం చేస్తున్నారన్న దాన్ని బట్టి. మా ఫారంలో అందుకు రెండే గడులు, వ్యాపారం అనీ, విహారం అనీ. టికెట్టు డబ్బులు ఆఫీసు ఇస్తే వ్యాపారం, ఆ గంటకు మంచి ధర. మిగతా అందరిదీ విహారం, ఆ గంటకు ధర సున్నా. ‘రెండూ కాకపోతే ఏం చేయాలి సార్?’ అని అడిగాను. ‘కాకపోతే విహారమేనమ్మా. గడులు రెండే ఉన్నాయి కదా’ అన్నాడు, చాలా ఓపిగ్గా. నేను తల ఊపాను. రోజుకు పదిసార్లు అకారణంగా మండిపడేదాన్ని, కోపం రావాల్సిన ఆ ఒక్కచోట బుద్ధిమంతురాలిలా తల ఊపి, ఫారాల కట్ట పట్టుకుని నాంపల్లి స్టేషనుకు వెళ్ళాను.

పదిహేను రోజులు అక్కడే నా కాపురం. ఏసీ వెయిటింగ్ హాల్లో నలుగురు మగవాళ్ళు వరసగా కూర్చుని ఉంటే, ‘మీ ఒక గంట విలువ ఎంత సార్?’ అని మొదటాయన్ని అడిగాను. ఆయన ఆలోచించి ఐదు వందలన్నాడు. పక్కాయన అది విని వెయ్యి అన్నాడు. మూడో ఆయన పదిహేను వందలన్నాక మొదటాయన చెయ్యెత్తి, తనది సరిగ్గా చెప్పలేదనీ, కొట్టేసి రెండు వేలు రాయమనీ అడిగాడు. వినాయకుడి లడ్డూ వేలంపాట లాగే సాగింది. నాలుగో ఆయన మాత్రం ‘నా టైముకు మీరు వెల కట్టలేరు మేడం’ అని చెప్పి, కాసేపు తన సూట్‌కేసు చూస్తుండమని చాయ్ తాగడానికి బయటికి వెళ్ళాడు. గంట దాటాక వచ్చాడు. వెల కట్టలేని ఆ గంటసేపూ నేను ఉత్తపుణ్యానికి ఆయన సూట్‌కేసు కాశాను. ఒళ్ళు మండిపోయింది, అయినా టికెట్టు ఆఫీసు కొన్నదే కాబట్టి వ్యాపారం గడిలో టిక్కు పెట్టాను.

పొద్దున్నే వచ్చే ప్యాసింజరు దగ్గర కథ వేరు. శంకర్‌పల్లి అవతలి ఊళ్ళ నుంచి ఆకుకూరల గంపలతో ఆడవాళ్ళు దిగేవాళ్ళు. నెత్తిన కొత్తిమీర గంపతో గేటు వైపు దాదాపు పరిగెత్తుతున్న ఒకామెను పట్టుకున్నాను. ‘పెద్దమ్మా, జర ఆగు. ఒక్క మాట అడుగుత’ అన్నాను.

‘నడుసుకుంట అడుగు బిడ్డా. ఆగితె ఆబిడ్స్‌ల నా జాగల ఇంకొకతి కూసుంటది.’

‘నీ గంటకు ధర ఎంత?’

ఆమె నవ్వలేదు. అందరిలోనూ ఆమె ఒక్కతే ఆ ప్రశ్నను ప్రశ్నగా తీసుకుంది. ‘బండి గంట లేటయితె కొత్తిమీర సగం ధరకు పోతది. రెండు గంటలయితె బర్లకు పోతది. హోటలోళ్ళు, ఆఫీసులకు పొయ్యేటోళ్ళు పొద్దుగాలనే కొంటరు. ఎండెక్కినంక ఎవ్వలు చూడరు’ అంది.

‘రోజూ లేటయితదా?’

‘మా బండిని పక్కకు నిలవెడ్తరు గద. ఎక్స్‌ప్రెస్ పోవాలె. అది పొయ్యిందాక మేము కొత్తిమీర మీద నీళ్ళు సల్లుకుంట కూసుంటం.’

నేను రెండేళ్ళు చదివిన చదువును ఆమె స్టేషను మెట్లు దిగేలోపు చెప్పేసింది. అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ‘టికెట్ పైసలు నీకు ఎవలన్న ఇస్తరా?’ అని అడిగాను. ‘ఎవలిస్తరు? నా మొగడు గూడ ఇయ్యడు’ అంది. విహారం గడిలో టిక్కు పెట్టాను. పదిహేను రోజుల్లో ఆ బండి దిగిన గంపలన్నిటికీ అదే టిక్కు.

నెల తర్వాత బషీర్‌బాగ్‌లో ఒక హాలు మాట్లాడి, రిపోర్టు రాయించుకున్న పెద్దలను పిలిచి సారు స్లైడులు వేశాడు. ఐదో స్లైడులో నా ప్యాసింజరు వచ్చింది. అందులో వచ్చేవాళ్ళంతా దాదాపు విహారయాత్రికులేనట. కాబట్టి కొత్త లైను వచ్చేదాకా ఆ బండిని రోజూ గంట ఆలస్యంగా బయల్దేరదీస్తే ఎక్స్‌ప్రెస్‌లకు దారి దొరుకుతుందట, ఎవరికీ నష్టం లేదట. పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కొబ్బరిబొండాం తాగుతూ నవ్వుతున్న ఒక కుటుంబం బొమ్మ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు సారు మీద, తర్వాత ఆ బొమ్మలోని కుటుంబం మీద, ఆ టిక్కులన్నీ నా చేత్తో పెట్టినవేనని గుర్తొచ్చాక నా మీద నాకే. రోజూ గంట ఆలస్యమంటే ఆమె గంపలో సగం పోయినట్టే. లేచి నిలబడ్డాను. ఆఫీసులో జాగ్రత్తగా మాట్లాడే భాష ఎటుపోయిందో, ఇంటి మాట నోట్లోంచి తన్నుకొచ్చింది.

‘సార్, వాళ్ళు విహారానికి వస్తలేరు. కొత్తిమీర అమ్ముకునేటోళ్ళు.’

హాలంతా నవ్వింది. ముందు వరసలో ఉన్న పెద్దాయన వెనక్కి తిరిగి, ‘మరి విహారం అని రాసిందెవరమ్మా?’ అని అడిగాడు. ‘నేనే సార్’ అన్నాను. ఇంకా నవ్వారు. అక్కడితో కూర్చుంటే నేను అగ్గిపెట్టెను ఎందుకవుతాను? ‘ఈ రైలుకు అసలు లాభమే గది సార్. ఎక్స్‌ప్రెస్‌లు కొత్త లైను మీదికి పోతే పాత లైను ఖాళీ అయితది. ప్యాసింజరు యాడా నిలవడదు, గూడ్సు బండ్లు నిలవడవు. మీ రైలు ఎక్కనోళ్ళకు గూడ లాభమున్నదని చెప్పనీకి దొరికిన సాక్ష్యం గిదొక్కటే. దాన్ని తీస్కపోయి కొబ్బరిబొండాం చేసిన్రు’ అన్నాను. సారు మైకులోనే, ‘కూర్చోమ్మా, టీ తాగేటప్పుడు మాట్లాడుకుందాం’ అన్నాడు. టీ దగ్గర నాతో ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు సారు పిలిచి, ‘నువ్వన్నది తప్పు కాదమ్మా, కానీ స్లైడులో పట్టదు’ అన్నాడు. నింపిన నేనే తప్పని ఒప్పుకున్నాను కాబట్టి నా ఫారాలన్నీ రిపోర్టులోంచి తీసేశారు, వాటితోపాటు ఐదో స్లైడూ పోయింది. బండి టైము మార్చమన్న సలహా పోయింది. ఆ గంపలు ఉన్నాయన్న సంగతీ పోయింది.

నేను మాత్రం సగమైనా గెలిచానని ఆబిడ్స్‌కు వెళ్ళి, ఫుట్‌పాత్ మీద ఆమె ముందు నిలబడ్డాను. ‘పెద్దమ్మా, నీ బండి టైము మారకుండ చూసిన’ అన్నాను. ‘ఎవలు మారుస్తమన్నరు?’ అంది. జరిగిందంతా చెప్పాను. ‘నువ్వు విహారానికి వస్తున్నవని రాసిన్రు’ అన్నాను. (రాసింది నేనని చెప్పడానికి అక్కడ నోరు రాలేదు.)

‘విహారమంటె?’

‘ఊకె ఖుషీకి తిరుగుడు.’

ఆమె చేతిలోని కట్ట కట్టి గంపలో పెట్టింది. ‘తప్పేం రాసిన్రు బిడ్డా. మూడు గంటలకు లేస్త. బర్లు, పొయ్యి, కొత్తిమీర కోసుడు. గీడికొస్తె పొద్దూకెదాక కొత్తిమీర కొత్తిమీర అని ఒర్రుడే. నేను కూసునేది బండిలనే. పక్కూరోళ్ళు ఎక్కుతరు, ముచ్చట వెడ్తం, ఒకరి సద్ది ఒకరం తింటం. బండి లేటు గావొద్దు, నిజమే. గని గా గంట నాది.’

నేను ఊరుకోవాలా వద్దా? ఊరుకోలేదు. అది ఖుషీ కాదనీ, లెక్క ప్రకారం ఆమె పనిలో భాగమేననీ, దానికి ధర ఉందనీ ఆ ఫుట్‌పాత్ మీద ఆమెతోనే కొట్లాట పెట్టుకున్నాను. ఆమె విన్నంతసేపు విని, ‘సరె, సదువుకున్నదానివి, నీకె ఎర్కుంటది. జర పక్కకు జరుగు, గిరాకి వస్తున్నది’ అంది.

ఆ సున్నా మీద నాకు ఈరోజుకీ కోపమే. ఎవరి గంటనైనా సున్నా అనే లెక్కతో కట్టిన రైలు ఎంత వేగంగా పోయినా నాకు గిట్టదు. కానీ ఆమె గంట గురించి ఆమెకే పాఠం చెప్పిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. పదిహేను రోజులు ఆ బండి దిగినవాళ్ళను ఆపి ఆపి అన్ని ప్రశ్నలు అడిగింది కదా, ఒక్కరోజైనా అది ఎక్కి ఆమె పక్కన కూర్చుని రాలేదు.