మా ఆయన నింపేసిన పడవ

మొన్న ఆదివారం డుమస్‌ సముద్రం ఒడ్డున వేడి వేడి టమాటా భజియా పొట్లం పట్టుకుని నిలబడి ఉన్నానా, ఎదురుగా ఇద్దరు ఆఫ్రికా విద్యార్థినులు నవ్వుకుంటూ వచ్చారు, అందులో ఒకమ్మాయి చుట్టుకున్న గుడ్డ మీద వరసగా పడవలు! భజియా సంగతి మరిచి గబగబా ఆ పిల్ల దగ్గరకు వెళ్లి, మీది కాంగో నది పక్క ఊరా అని హిందీలో అడిగేశాను. కాదట, వాళ్లది వేరే దేశమట. మా మనవరాలు సిగ్గుతో చచ్చిపోయి, "అరే అమ్మమ్మా, ఎవర్ని వడితే వాళ్లను గట్ల అడుగుతరా? చలో!" అని నా కొంగు పట్టుకుని లాగింది. దానికేం తెలుసు! నా వయసు వాళ్లకు, అందునా సూరత్‌లో ఉధ్నా మిల్లు గదుల్లో కాపురం చేసిన వాళ్లకు చెబితే అర్థమవుతుంది, గుడ్డ మీది బొమ్మ మనిషిని ఎంత దూరం లాక్కుపోతుందో.

ఊరు వదిలి సూరత్ వచ్చిన ఆ రోజుల్లో మా ఆయన అద్దకం మిల్లుకు డిజైన్లు గీసి ఇచ్చేవారు. ఒక్కో రంగుకు ఒక్కో ఫిల్ము, దాని మీద నల్ల సిరాతో బొమ్మ. ఆ ఫిల్ముతో జాలీ, అంటే సన్నటి వల తెర తయారుచేస్తే, జాలీలోంచి రంగు గుడ్డ మీదకు దిగుతుంది. ఆయన గీతలు గీసేవారు, నేను వంట ముగించుకుని వచ్చి ఆ గీతల మధ్య నలుపు నింపేదాన్ని. డిజైన్‌లో ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే మా ఆయనకు అన్నం సహించేది కాదు. జాలీలో ఏ కాస్త మూసుకుపోయినా గుడ్డ మీద అక్కడ బోసిగా పడుతుంది, సేటు ఆ తానును పక్కన పారేయిస్తాడు. కాబట్టి ఖాళీ అంటే తప్పు, తప్పు కనిపిస్తే నింపెయ్యాలి, మా వాళ్లందరికీ వచ్చిన చదువు అదే.

అలాంటి మా ఇంటికి వచ్చింది ఆమె. కాంగో నుంచి గుడ్డలు కొనడానికి సూరత్ వచ్చిపోయే వ్యాపారస్తురాలు, నాకంటే కాస్త పెద్దది, నేను అక్కా అనేదాన్ని. పర్వత్ పాటియా వైపు బజార్లలో బేరాలాడి నేర్చుకున్న హిందీ ఆమెది, నాదీ అలాంటి హిందీయే, అందుకే మా ఇద్దరికీ ఇట్టే కుదిరింది. వాళ్ల నది పక్క ఊళ్లో పెద్ద కూడిక ఏదైనా వస్తే ఊరంతా ఒకే అచ్చు గుడ్డ కట్టుకోవడం ఆచారమట. ఈసారి ఆ గుడ్డ మీద ఊరి కథే వెయ్యాలని పెద్దలు అనుకుని, బొగ్గుతో బొమ్మ గీయించి పంపారు. ఆ కథ పూర్తిగా తెలిసిన మనిషి అక్క నాయనమ్మ ఒక్కతే మిగిలిందట, ఆమె కూడా మంచం పట్టిందట. ఆ ముసలామె కళ్లతో చూసేలోగా గుడ్డ ఊరు చేరాలి, అదీ అక్క తొందర.

ఫిల్ములు అయిపోయి, జాలీలు తయారై, మిల్లులో అచ్చు మొదలైన రోజున అక్కను భోజనానికి పిలిచాను. జొన్న రొట్టెలు, తాపీ నది చేపల పులుసు చేశాను. మాలాగే చేత్తో తింటూ, ముల్లు కూడా వదలకుండా చప్పరిస్తుంటే నాకు ఎంత సంబరమైందో! మా ఆయన ఆగలేక ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి చూపించారు. అక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మూడో వరస పడవల్లో, ఆమె ఇచ్చిన బొమ్మ ప్రకారం ఒకటి ఖాళీగా ఉండాలి. మా ఆయన అందులో ఇద్దరిని కూర్చోబెట్టి, చేతికి తెడ్లిచ్చి, ఒకతనికి మన వైపు తలపాగా కూడా చుట్టేశారు!

"గీసినోడు మరిచిపోయిండే. నేను జర మంచిగ జేసిన, చెప్పు ఆమెకు," అన్నారు నాతో, మురిసిపోతూ.

ఆమె చెయ్యి కడుక్కోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. మొదటి వరస నదీ, చేపలూ, వాళ్ల సొంత రోజులూ. రెండో వరసలో పొగ ఓడలు వచ్చాయి, వాటి కొలిమికి ఊరంతా అడవి నరికి ఒడ్డున కట్టెలు పేర్చాలి. మూడోది రబ్బరు కాలం. తెల్లదొరల మనుషులు ఆడవాళ్లను కొట్టంలో పెట్టి తాళం వేసి, అడవి తీగల నుంచి రబ్బరు తెస్తేనే వదులుతామంటే మగవాళ్లు పడవలెక్కి పోయారు. కొట్టంలో ఉన్న ఒక నిండు గర్భిణి కడుపులో అక్క నాయనమ్మ ఉంది, ఆ బిడ్డ తండ్రి పడవ ఒక్కటే ఖాళీగా నీళ్లలో కొట్టుకొచ్చింది. నాలుగో వరసలో ఇళ్లను ఒడ్డు నుంచి పీకించి రోడ్డు పక్కకు తోసి, బలవంతాన పత్తి వేయించారు, ఆ పత్తి గుడ్డను మళ్లీ వాళ్లకే అమ్మారు. పత్తి అనగానే మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, చేనూ మగ్గమూ వదిలి వచ్చిన వాళ్లమే కదా మేమూ. ఎక్కడి నది, ఎక్కడి ఉధ్నా! నాకు ఒళ్లంతా పులకరించింది, ఏడుపూ వచ్చింది.

మరి ఆ పడవను అలా ఖాళీగా ఎందుకు వదిలారక్కా అంటే, "బచ్చే పూఛేంగే, బెహన్," అంది. పిల్లలు అడుగుతారు, అడిగితే చెబుతాం, నిండా మనుషులుంటే ఎవరడుగుతారు అని.

మా ఆయన అప్పటికే లేచారు. "పని బంద్ చేపిచ్చి వస్త, ఆమెను వోనియ్యకు!" అని చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో వెంట పరుగెత్తారు. తిరిగొచ్చి బ్లేడు పట్టారు గానీ, తను ముద్దుగా గీసుకున్న మనుషులను గోకడానికి చెయ్యి రాలేదు. అక్కా నేనూ చెరో మనిషిని గోకేశాం. సేటు తిట్టాడు, చిందులు తొక్కాడు, అయినా కొత్త జాలీ చేయించాడు. బల్లల మీద అచ్చువేసే మన వైపు వాళ్లు కథ వినగానే ఆఖరి తాను ఆరేదాకా గదులకు పోయేది లేదన్నారు, నేను రొట్టెల డబ్బా మోస్తూ మిల్లుకూ ఇంటికీ తిరిగాను. మూటలు ముంబయి లారీ ఎక్కుతుంటే మేమంతా పెళ్లికి సాగనంపినట్టు అరిచాం!

మనుషులున్న పడవ అచ్చుపడి చెడిపోయిన తానుల్లోంచి అక్క ఒక్క ముక్క చింపించుకుని తన చేతిసంచిలో పెట్టుకుంది.

మళ్లీ సూరత్ వచ్చినప్పుడు చెప్పింది. ఊరంతా ఖాళీ పడవ గుడ్డే కట్టుకుంది, పిల్లలు అడిగారు, నాయనమ్మ మంచంలోంచే చెప్పింది. అందరూ వెళ్లాక అక్క ఆ ముక్క తీసి చూపిస్తే, ముసలామె తలపాగా మనిషిని వేలితో తడుముతూ, మా నాన్న వచ్చాడా అని అడిగిందట. తను పోయాక ఆ ముక్కే కప్పమందట, అదే కప్పారట. మా ఆయన గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఇప్పుడు ఫిల్ములు లేవు, నలుపు నింపే ఆడవాళ్లూ లేరు. డిజైన్లు కంప్యూటర్‌లో తయారవుతాయి, గీసిన వాళ్లకు కట్టుకునే వాళ్లెవరో తెలియదు, ఒకరి ఇంట ఒకరు అన్నం తినరు. మేము విడిచి వచ్చిన ఊరు డ్యాము నీళ్ల కింద ఉంది, మా పిల్లలెవరూ దాని గురించి అడగలేదు. సముద్రం అవతలి ఆ నది ఊరికి నాలుగు వరసలుంటే, మా ఊరికి కనీసం రెండైనా ఉండవా అని ఈమధ్య ఊరికే లెక్కపెట్టుకుంటున్నాను. చెప్పడానికి నేనున్నాను, గీసే ఆయనే లేరు.