బోర్లించిన అరచేయి

ఇరవై ఏళ్ల కిందట గద్వాలలో ఎక్కిన బస్సు బీచుపల్లి వంతెన దాటుతుంటే ఒడిలో నోట్సు తెరిచాను. భూమిలో చమురు నిలిచే చోట్లు ఎన్ని రకాలో మర్నాడు క్లాసులో చెప్పాలి. లెక్చరరుగా అదే నా మొదటి పాఠం. పగిలిన బండలో నిలిచే చమురును ఏ రకంలో చేర్చాలో తెలియక, రాసిందల్లా కొట్టేస్తున్నాను.

పక్కన కూర్చున్న వడ్డేపల్లి రైతు, యాభై ఏళ్లావిడ, నోట్సులో నేను గీసిన బండ పొరల బొమ్మ చూసి, "ఏంది బిడ్డా గది?" అని అడిగింది. చెప్పాను.

"మా చేన్ల మూడు బోర్లేసినం. మూడిట్ల పగుళ్లు తగిలినయ్, నీళ్లు ఒక్కదాంట్లనే నిలిచినయ్," అంటూ అరచేతిని గిన్నెలా పట్టింది. "అడుగున పగలని బండ ఉంటెనే నిలుస్తయి. పగులును జూస్తె ఏమొస్తది? ఆపేదేందో జూడు."

"చమురు నీళ్లలా కిందికి దిగదు పెద్దమ్మా, పైకి తేలుతుంది," అన్నాను, కొంచెం గొప్పగానే.

ఆమె అదే అరచేతిని బోర్లించి నా బొమ్మ మీద పెట్టింది.

"అయితె మూత మీదుండాలె."

ఆమె పెబ్బేరులో దిగిపోయింది. నేను వనపర్తి చేరేలోపు, చమురును ఆపేదాన్ని బట్టి రకాలన్నీ మళ్లీ రాశాను.

ఇప్పటికీ ఆ పాఠంలో తడబడే పిల్లలను పుస్తకం చూడమనను. అరచేయి బోర్లించమంటాను.