నేను దాచిన పేజీ

ఎనిమిదేళ్లుగా ఒక విషయాన్ని మోస్తున్నాను. బరువు అంటే మర్యాదగా ఉంటుంది గానీ నిజానికి అది కంపు. నాలోంచే వస్తున్న కంపు. "మీ దగ్గరే పని నేర్చుకున్నానండి" అని ఎవరైనా అంటే చాలు, గుప్పుమంటుంది. నేను నవ్వి తల ఊపుతాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలిసే దారి లేదు, కాబట్టి మీకు చెబుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. చెబితే ఆవిడ క్షమించేస్తుందేమోనని భయం.

నేను మెకానికల్ ఇంజినీర్‌ని. రాజమండ్రికి దగ్గర్లో ఒక తవుడు నూనె ఫ్యాక్టరీలో, మెషీన్లు బాగుచేసే విభాగంలో చేరాను. నాలుగేళ్ల చదువు గేటు దగ్గరే ఆగిపోయిందని మొదటి వారంలోనే తెలిసింది. సూత్రాలన్నీ వచ్చు, బేరింగు ఎక్కించడం రాదు. నేర్పే నాథుడు లేడు. మా ఫోర్‌మన్ గారికి పాతికేళ్ల అనుభవం. మోటారు షాఫ్టూ పంపు షాఫ్టూ ఒకే గీత మీద తిరగాలి. ఆ గీత కలపడాన్ని అలైన్‌మెంట్ అంటాం. అందులో ఆయన ఘనుడు. రెండింటి మధ్య తేడా ఎంతుందో చూపే డయల్ గేజ్ ముల్లు చూసే సమయానికి సరిగ్గా నాకూ దానికీ మధ్య తన వీపు పెట్టేవారు. అడిగితే, "పెద్ద చదువులు చదువుకున్నవారు, మీకు మేం చెప్పేదేంటండీ బాబూ!" అని చుట్టూ ఉన్నవాళ్లను నవ్వించేవారు.

రెండేళ్లు ఆ వీపు చూశాను.

శిక్షణ కోసం నేను తిరగని చోటు లేదు. సాయంత్రాలు ఊళ్లో కంప్యూటర్ డ్రాయింగు కోర్సుకు వెళ్లాను. ఆన్‌లైన్ కోర్సులు చేసి, సర్టిఫికెట్లు ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకున్నాను. వీడియోలో ఎవడో చొక్కా నలక్కుండా పంపు విప్పేవాడు. మా పంపు దగ్గరకు వెళితే అదే బోల్టు తుప్పు పట్టి కదిలేది కాదు. నన్ను ఎక్కడికైనా ట్రైనింగుకు పంపండి మహాప్రభో అని మేనేజరు గారికి అర్జీ మీద అర్జీ పెట్టాను. నాకంటూ పని వచ్చిన నాడు ఎవరి దగ్గరా దాచనని ఆ రోజుల్లోనే ఒట్టు పెట్టుకున్నాను. ఎంత సులువైన ఒట్టు! అప్పటికి దాచడానికి నా దగ్గర ఏమీ లేదుగా.

మూడో ఏడు, పంపులు తయారుచేసే కంపెనీ ఒకటి కోయంబత్తూరులో ఐదు రోజుల శిక్షణ పెట్టింది. మా ఫ్యాక్టరీకి ఒకటే సీటు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చి మిగతావాళ్లకు నేర్పాలన్నది షరతు. ఆ సీటు నాకొచ్చింది. అక్కడ నేర్పినాయన మా చేత గేజ్ బిగింపించాడు. తప్పు చేస్తే విప్పి మళ్లీ చేయమన్నాడు. ఎవరూ నవ్వలేదు. మొదటిసారి ముల్లు నా చేతి కింద కుదురుగా నిలబడినప్పుడు నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

నాలుగో రోజు వేడి పంపుల సంగతి చెప్పాడు. బాయిలర్‌లోకి వేడినీళ్లు తోసే పంపు నడిచేకొద్దీ వేడెక్కి, రెండు మూడు వెంట్రుకల మందం పైకి లేస్తుంది. కాబట్టి అది చల్లగా ఉన్నప్పుడు గేజ్ సున్నా చూపించేలా పెట్టకూడదు. మోటారును ఆ మేరకు ఎత్తులో ఉంచాలి. అప్పుడే వేడెక్కాక రెండూ కలుస్తాయి. సున్నా పెడితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నడిపితే విరుగుతుంది. ఇదంతా ఆయనిచ్చిన నోట్సులో ఒకే ఒక్క కాగితం మీద ఉంది. విడి కాగితాల ఫైలు అది. పేజీలకు నంబర్లు కూడా లేవు.

నేను తిరిగొచ్చిన కొన్నాళ్లకే ఫోర్‌మన్ గారు తన విద్య తనతోనే పట్టుకుని రిటైరయ్యారు. బాయిలర్ పంపు ముట్టుకోవాలంటే ఇక నేనే. ఏది ఆగినా నా పేరే పిలిచేవారు. మేనేజరు గారు తన గదిలో కుర్చీ వేయించి కూర్చోబెట్టేవారు. ఆ రుచి నాకు బాగా పట్టింది.

అప్పుడు రమ్య వచ్చింది. అసలు పేరు అది కాదు. అంతర్వేది వైపు అమ్మాయి, తండ్రి సముద్రంలో చేపల వేటకు వెళ్లే మనిషి. మా విభాగంలో చేరిన మొదటి ఆడ ఇంజినీరు. నేర్పమని మేనేజరు గారు నాకు అప్పగించారు. నేర్పాను. నిజంగానే నేర్పాను, అంతవరకు అబద్ధం కాదు. గేజ్ ఎలా బిగించాలో, మోటారు కాళ్ల కింద పల్చటి రేకులు ఎలా పెట్టాలో, అన్నీ. పది రోజుల్లో ఆ పిల్ల చేతులు నా చేతులకంటే వేగంగా నడిచాయి. ఒకరోజు మేనేజరు గారు అటుగా వెళుతూ, "ఏంటండోయ్, శిష్యురాలు మిమ్మల్ని మించిపోయేలా ఉందే!" అన్నారు. సరదాకే అన్నారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఆమె కోసం నోట్సు జిరాక్స్ తీయించడానికి వెళ్లి, వేడి పంపుల కాగితం ఒక్కటీ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఎందుకు తీశాను? తర్వాత చెబుదాంలే అనుకున్నానా? అలాగే అనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ ఒక్కటి మాత్రం నా దగ్గరే ఉండాలని తీశాను. ఫోర్‌మన్ గారు వీపు మాత్రమే పెట్టారు, ఆయన దాస్తున్నారని నాకు తెలిసేది. నేను ఎదురుగా కూర్చుని, నవ్వుతూ, ఫైలు చేతిలో పెట్టి దాచాను.

ఆరు నెలలు ఏమీ కాలేదు. మిగతావన్నీ చన్నీళ్ల పంపులు, వాటికి సున్నాయే సరి. బాయిలర్ పంపు పని వస్తే ఆమెను ఇంకో పనికి పంపి నేనే చేసేవాణ్ణి. తర్వాత నేను మా మేనమామ కొడుకు పెళ్లికి పాలకొల్లు వెళ్లాను. ఆ రోజే బాయిలర్ పంపు బేరింగు పోయింది. రమ్య ఒక్కతే మార్చింది. పెళ్లి భోజనాల దగ్గర ఉండగా వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. గేజ్ ముల్లు సున్నా మీద ఉంది. కింద, "సార్, జీరో వచ్చింది! ఓకేనా?" అని ఉంది.

ఇక్కడ ఆగి మళ్లీ చదవండి. ఓకేనా అని అడిగింది. పంపు ఇంకా స్టార్ట్ చేయలేదు. నేను ఒక్క ఫోను చేస్తే అయిపోయేది. అరగంట పని. నా కుడిచెయ్యి పులిహోరలో ఉంది. ఎడమచేత్తో బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపాను. పంపి, పక్కవాణ్ణి గారెలు ఇటు తెమ్మన్నాను.

విరగాలని కోరుకున్నానా? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న వేసుకుంటున్నాను. పెద్దగా ఏమీ కాదులే, కాస్త ఊగుతుంది, నేను వెళ్లి సరిచేస్తాను, అప్పుడు అందరూ మళ్లీ నా వైపు చూస్తారు అనుకున్నాను. అంటే కోరుకున్నాననే అర్థం. కొంచెం విరగాలని కోరుకున్నాను. ఇంత నీచానికి కూడా కొలత పెట్టుకున్న మనిషిని.

మూడో రోజు, నేనింకా పాలకొల్లులోనే ఉండగా, మోటారునూ పంపునూ కలిపే కప్లింగు పగిలింది. బాయిలర్ ఆగింది, ఫ్యాక్టరీ ఒక పగలంతా ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. నేను తిరిగొచ్చిన రోజు మేనేజరు గారు మధ్యాహ్నం తన గదికి ఇద్దర్నీ రమ్మన్నారు. అందరూ క్యాంటీన్‌కు వెళ్లిన సమయంలో నేను ఆ కాగితాన్ని జిరాక్స్ తీసి, చిల్లులు పొడిచి, రమ్య డెస్కులోని ఫైల్లో సరైన చోట పెట్టాను. కొత్తది మరీ తెల్లగా ఉందనిపించింది. గ్రీజు అంటిన వేలితో అంచున రెండు చోట్ల నొక్కాను. నా ఫోనులో ఆ ఫొటో తుడిచేశాను. మనిషి ఇంత శ్రద్ధగా ఇంకే పనైనా చేస్తాడా అని ఇప్పుడు అసహ్యమేస్తుంది.

గదిలో మేనేజరు గారు నన్నే ముందు అడిగారు.

"వేడికి పంపు పైకి లేస్తుందని ఈ అమ్మాయికి చెప్పారా లేదా అండి?"

"చెప్పానండి. నోట్సులో కూడా ఉంది."

"లేదు సార్, అందులో అలాంటిదేం లేదండి," అంది రమ్య. గట్టిగానే అంది. ఫైలు తెచ్చి, మా ముందే ఒక్కో కాగితం తిప్పింది. తిప్పుతూ ఆగిపోయింది. ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. గ్రీజు మరకను వేలితో తడిమింది.

"ఉందండి," అంది చివరికి. "ఎలా చూసుకోలేదో తెలీట్లేదండి. నాదేనండి పొరపాటు."

బయటికొచ్చాక నాతో, "సారీ సార్, నా వల్ల మీకు మాటొచ్చింది," అంది. పర్లేదమ్మా అన్నాను. పర్లేదమ్మా! ఆ మాట అన్న నోటితోనే ఇప్పటికీ అన్నం తింటున్నాను.

నేను పంపిన బొటనవేలు ఆమె ఫోనులో ఉండే ఉంటుంది. ఎందుకు చూపించలేదో నాకు తెలీదు. గురువు పేరు చెడగొట్టకూడదనుకుందేమో. ఆమెను స్టోర్సులో బోల్టులు లెక్కపెట్టే పనికి మార్చారు. నాలుగు నెలలకు మానేసింది. "ఆడపిల్లలకి ఇవన్నీ ఎందుకండీ" అని మేనేజరు గారు తేల్చేశారు. నేనున్నంతకాలం ఆ విభాగంలోకి ఇంకో అమ్మాయిని తీసుకోలేదు. నాకు మాత్రం ప్రమోషన్ వచ్చింది.

పోయిన నెల ఒక పాలిటెక్నిక్ కాలేజీవాళ్లు పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. పిలిపించింది అక్కడ పాఠాలు చెప్పే రమ్య అని వెళ్లాక తెలిసింది. తెలిసి ఉంటే వెళ్లేవాణ్ణి కాదు. నా ఎదుటే ఆమె హాజరు రిజిస్టరులో సంతకం పెట్టింది, మూసింది, మళ్లీ తెరిచి సంతకం ఉందో లేదో చూసుకుంది. నేను చూడ్డం గమనించి నవ్వింది. "అప్పట్నుంచీ ఇదే వరసండి. నా కళ్ల మీద నాకు నమ్మకం పోయింది," అంది. తర్వాత క్లాసులో పిల్లల ముందు నన్ను గురువు గారని పరిచయం చేసింది. "ఆయన అన్నీ రాసిచ్చారు. నేనే ఒక్క పేజీ చూసుకోక ఉద్యోగం పోగొట్టుకున్నాను. మీరు దేన్నైనా రెండుసార్లు చూసుకోండి," అని వాళ్లకు చెప్పింది. శాలువా కప్పారు. కప్పించుకున్నాను. నోరు తెరవడానికి గంటసేపు అవకాశం ఉంది. అలైన్‌మెంట్ గురించి మాట్లాడి వచ్చేశాను.

ఉద్యోగం ఇంకోటి వస్తుంది, వచ్చింది కూడా. నేను పాడుచేసింది ఆ పిల్ల కళ్లను. ఆమె తన నోటితోనే చెప్పినా నేను పళ్లు ఇకిలించాను.

ఇది రాసినందుకు నన్ను మంచివాడనుకోకండి. ఆమెకు చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నాను. అయినా ఒకసారి కాగితం మీద పెట్టాలని ఉంది, నా చేతిరాతతోనే. రమ్య సరిగ్గానే చూసింది. ఆ పేజీ ఆమె ఫైల్లో లేదు. నేనే తీశాను, నేనే పెట్టాను.