చివరి వెంట్రుకవాసి

మా కంపెనీలో పరిశోధన మూడో అంతస్తులో జరుగుతుంది, పని కింది అంతస్తులో జరుగుతుంది. మధ్యలో లిఫ్టు ఉంది. అందులో ఎక్కువగా కాగితాలు దిగుతుంటాయి, వస్తువులు ఎక్కుతుంటాయి. సైన్యానికి రాడార్లు, వైర్‌లెస్ సెట్లు తయారుచేసే కంపెనీ మాది. గోడల మీద రాకెట్ల బొమ్మలుంటాయి. పనిచేసేవాళ్ల బొమ్మలు గుర్తింపు కార్డుల మీద మాత్రమే ఉంటాయి.

కింది అంతస్తులో, కిటికీ పక్క బల్ల ముందు ఒకావిడ ఇరవై ఏడేళ్లుగా కూర్చుంటోంది. ఆమె పేరు జీతాల సెక్షన్‌కు తెలిసి ఉండాలి. మాకందరికీ ఆమె వెంట్రుకవాసి అక్క. ఎందుకంటే ఏ ఇంజనీరు వచ్చి "స్క్రూ ఎంత తిప్పాలి?" అని అడిగినా, "వెంట్రుకవాసి" అనేది. డిగ్రీల్లో చెప్పమంటే, "ఎవరి వెంట్రుక అన్నదాన్ని బట్టి ఉంటుంది" అనేది. దాంతో వాళ్లు కలం జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఆమె పని ఫిల్టర్లు సరిచేయడం. రాడార్ చెవిన లోకంలోని రొదంతా పడుతుంది. అందులో కావలసినదాన్ని లోపలికి వదిలి మిగతాదాన్ని ఆపే పెట్టె ఫిల్టరు. అల్యూమినియం దిమ్మను తొలిచి, లోపల వెండిపూత పూసి, మూతకు పన్నెండు సన్నని స్క్రూలు, ఒక్కో స్క్రూ కదలకుండా పట్టి ఉంచడానికి ఒక నట్ పెడతాం. తొలిచేది మా టూల్ రూమ్‌లోనే. మేమెంత శ్రద్ధగా కోసినా ఏ రెండు పెట్టెలూ ఒకలా రావు. పై అంతస్తు లెక్కల్లో మాత్రం అన్నీ కవలపిల్లలే. ఆ తేడాను స్క్రూలు తిప్పి సరిచేయాలి. కొలిచే పరికరం తెర మీద గీత నిట్టనిలువుగా లేచి, బల్లపరుపుగా సాగి, మళ్లీ నిట్టనిలువుగా దిగితే పెట్టె బాగున్నట్టు. ఒక పెట్టెకు ఆమెకు నలభై నిమిషాలు పట్టేది.

ఆమె ఇరవయ్యేళ్లప్పుడు ప్యాకింగ్‌లో చేరింది. అప్పటి ఫిల్టర్ల పెద్దాయన ఆమె అట్టపెట్టెలకు టేపు వేయడం చూశాడట. అంచు అంచుకు కలిసేలా, చూడకుండా వేసేది. ఆ చేతులు నాకిచ్చేయమని ఫోర్‌మన్‌తో పోట్లాడి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఏడాదిపాటు స్క్రూ ముట్టుకోనివ్వలేదు. నట్లు బిగించడమే పని. ఏడాది తర్వాత చెప్పాడు:

"స్క్రూ నీ మాట వింటుందమ్మాయ్. నట్ వినదు. బిగించేటప్పుడు స్క్రూను కాస్త తనవైపు లాక్కుంటుంది. ఎంత లాక్కుంటుందో నీ వేళ్లకు తెలియాలి. ముందే అంత తప్పుగా పెట్టి ఉంచు. బిగిస్తే ఒప్పవుతుంది."

ఆమె చదువంతా అదే. దానికి పట్టా ఇవ్వరు.

ఇంట్లో భర్త బస్సు డ్రైవరు. అత్తగారికి ఎనభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి, నోటికి మాత్రం పదహారే.

"ఏమే, దేశానికంతా రాడార్లు సరిచేస్తావు. ఈ టీవీలో మనుషులు పచ్చగా కనబడుతున్నారు, అదొకటి చూడకూడదూ?"

"దానికి నా స్క్రూలు లేవత్తయ్యా."

"లేకపోతే పెట్టవే. ఎవరొద్దన్నారు?"

ఇలా సాఫీగా నడుస్తుండగా మూడో అంతస్తుకు ఒక డాక్టరుగారు వచ్చారు. నాడి పట్టుకునే డాక్టరు కాదు. నాడి పట్టుకునే డాక్టరైతే ఎదుటి మనిషిని ముట్టుకుని చూస్తాడు. ఈయనకు ఆ అలవాటు లేదు. మంచివాడే, కష్టపడే మనిషే. కాకపోతే ఏ వస్తువునైనా తెర మీద చూస్తేగాని నమ్మడు.

ఫిల్టర్లను యంత్రం చేతే సరిచేయించాలని ఆయన సంకల్పం. అందుకోసం అక్క చేతికి తీగల తొడుగు వేసి, బల్ల మీద మూడు కెమెరాలు పెట్టి, ఎనిమిది నెలలు రికార్డు చేశారు. పదకొండు వేల తిప్పులు. తర్వాత వాటిని శుభ్రం చేయడానికి కూర్చున్నారు. డేటాను కూడా కడుగుతారని మాకు అప్పుడే తెలిసింది. కడుగుతుంటే ఒక వింత బయటపడింది. ప్రతి స్క్రూనూ చక్కగా సరిచేసి, సరిగ్గా చివర్లో ఆవిడ కొంచెం పక్కకు తిప్పేస్తోంది. ఒకసారి కాదు, ప్రతిసారీ. పాపం, మనిషి కదా, చివరికొచ్చేసరికి అలసిపోయి తప్పు చేస్తోందని తేల్చారు. ఇరవై ఏడేళ్లుగా ఒకే తప్పును ఒకే కొలతతో చేసే అలసట ఎలాంటిదో ఎవరూ అడగలేదు. ఆ చివరి తిప్పులన్నీ తీసి పారేసి, మిగిలినవి యంత్రానికి నేర్పారు. వ్యాసం రాశారు. దానికి బహుమతి వచ్చింది.

సన్మాన సభకు అక్కను కూడా పిలిచి మూడో వరసలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. తెర మీద నీలం చుక్కలు, ఎర్ర చుక్కలు. అక్క టీ గ్లాసు పట్టుకునే వెళ్లి డాక్టరుగారిని అడిగింది.

"ఆ ఎర్రవి ఏంటండీ?"

"అవి మీ పొరపాట్లమ్మా. బాధపడకండి, మనిషన్నాక సహజం."

"పొరపాట్లు కావండీ. నట్ కోసం పెట్టినవి."

"నట్ మెకానికల్ వ్యవహారం. ఇది రీసెర్చి."

నెల తిరిగేసరికి యంత్రం దిగింది. తెల్లటి లోహపు చెయ్యి, గాజు గది. నాలుగే నిమిషాల్లో పన్నెండు స్క్రూలూ తిప్పి గీతను బల్లపరుపుగా నిలబెట్టేది. అబద్ధం ఆడకూడదు, చూడముచ్చటగా ఉండేది. ఆ తర్వాత పెట్టె 'ఫినిషింగ్' పేరుతో కింద అక్క బల్ల మీదికి వచ్చేది. ఫినిషింగ్ అంటే నట్లు బిగించడం. ఆమె బిగించేది. గీత చెదిరిపోయేది. నట్ వదులుచేసి, స్క్రూను తన పద్ధతిలో తప్పుగా పెట్టి, మళ్లీ బిగించేది. ముప్పై అయిదు నిమిషాలు. రెండో వ్యాసంలో నాలుగు నిమిషాలనే వచ్చింది. మిగతా ముప్పై అయిదు మూడో అంతస్తు గడియారంలో మోగలేదు.

మూడు నెలలు చూశాక నేను ఊరుకోలేకపోయాను.

"అక్కా, పైవాళ్లకు చెప్పొచ్చుగా?"

"రెండుసార్లు చెప్పా. రెండోసారి ఫీడ్‌బ్యాక్‌కు థాంక్స్ అన్నారు."

"అయితే చెడినవి చెడినట్టే పంపెయ్."

"దీన్ని నమ్ముకుని అక్కడెవడో కూర్చుంటాడు తమ్ముడూ. వాడికి డాక్టరుగారూ తెలీదు, నేనూ తెలీదు."

అదే వారం ఆర్డరు వచ్చింది. చేత్తో సరిచేసే పని ఇక లేనందున కిటికీ పక్క బల్లను ఒకటో తేదీన తీసేస్తారు. ఆ స్థలంలో సందర్శకుల కోసం సోఫా వేస్తారు. ఆమెను ప్యాకింగ్‌కు పంపుతారు. ఆర్డరు చదివి ఆమె పక్కన పెట్టింది. స్క్రూడ్రైవరు పిడిని కొంగుతో తుడిచింది, అది అప్పటికే శుభ్రంగా ఉంది. ఆ బల్ల ముందే తన సర్వీసు ముగియాలని ఆమె కోరిక. అంతకుమించి కంపెనీని ఏనాడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

ఆ వెనకే డాక్టరుగారు ఒక కాగితం పట్టుకుని స్వయంగా దిగి వచ్చారు.

"ఇక్కడ ఒక్క సంతకమమ్మా. సైన్యం కమిటీ వస్తోంది. నలభై పెట్టెలు చూపిస్తున్నాం. వాటిని సరిచేయడంలో మనిషి చెయ్యి పడలేదని మీరు ధ్రువీకరించాలి."

ఆమె రెండుసార్లు చదివింది. "నా చెయ్యి పడుతోంది కదండీ."

"నట్ బిగించడం దాని కిందికి రాదు."

"బిగించడం కాదండీ. బిగిస్తే గీత చెదురుతోంది. మళ్లీ నేను సరిచేస్తున్నా. రోజూ."

"ఎంత?"

"వెంట్రుకవాసి."

ఆయన ముఖం తేటపడింది. "అంతేనా! ఆ మాత్రానికైతే మానేయండి."

"మానేస్తే పోతాయండీ."

"పోవని పదకొండు వేల రీడింగులు చెబుతున్నాయమ్మా."

"నిజంగానే మానెయ్యమంటారా?"

"ఏం, రాసివ్వాలా?"

"ఇవ్వండి."

ఆయన నవ్వి, నిలబడ్డచోటే రాసిచ్చారు: నట్లు బిగించుట తప్ప మరేమియు చేయరాదు. అప్పుడామె సంతకం చేసింది. దాని కింద తన చేత్తో ఒక లైను చేర్చింది: 'కొలత నట్లు బిగించిన తర్వాత తీసుకోవాలి.' సంతకం దొరికిన సంతోషంలో ఆయన ఆ లైనును అక్షరాల కింద అలంకారం అనుకున్నట్టున్నారు.

ఇంట్లో భర్త నెత్తి కొట్టుకున్నాడు. "నీ బల్ల తీసుకుపొమ్మని నువ్వే సంతకం పెట్టి వచ్చావా?"

"ముట్టుకోనని పెట్టా."

అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసింది. "పని చెయ్యనని సంతకం పెడితే జీతమిస్తారా? అట్లాంటి ఉద్యోగం నాక్కూడా ఒకటి చూడవే."

చెప్పినంత తేలిక కాలేదు. మర్నాటి నుంచి రెండు రోజులు ఆమె నలభై పెట్టెల నట్లు బిగించింది. బిగించినవాటిలో చాలావరకు ఆమె కళ్లముందే చెడిపోయాయి. తొమ్మిదో పెట్టె దగ్గర కుడిచెయ్యి దానంతటదే స్క్రూ మీదికి పోయింది. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని వెనక్కి లాక్కుంది. భోజనం డబ్బా తెరవలేదు. చెడగొట్టడం చేతకాని మనిషికి చెడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత పనో ఆ రెండు రోజులూ చూశాను.

కమిటీ వచ్చింది. డాక్టరుగారు యాభై నిమిషాలు బొమ్మలు చూపించారు. సైన్యం పెద్దాయన కళ్లజోడు తగిలించుకుని కాగితం కింది నుంచి పైకి చదివే రకం.

"ఈ చేత్తో రాసిన లైను ఏమిటి?"

"అది... ఫార్మాలిటీ సార్."

"అయితే పాటిద్దాం."

మొదటి పెట్టె తగిలించారు. గీత తడిసిన అట్టపెట్టెలా ఒక పక్కకు కూలింది. కేబుల్ చెడిందన్నారు. మూడు కేబుళ్లు మార్చారు. కేబుళ్లకు పక్షపాతం లేదు, మూడూ అదే గీత చూపించాయి. నలభైలో తొమ్మిది నిలిచాయి.

"పోయిన మూడు నెలల్లో మాకొచ్చినవి బాగున్నాయే. అవెవరు చేశారు?" అన్నాడు పెద్దాయన.

గదిలో అందరూ తమ బూట్లను ఎన్నడూ చూడనట్టు చూసుకోసాగారు. పెట్టెలు అందించడానికి గోడ పక్కన నిలబడ్డ అక్క చెప్పింది.

"అవి నేను ముట్టుకున్నవండీ. ఇవి ముట్టుకోవద్దన్నవి."

"ఒకటి ముట్టుకోండి, చూద్దాం."

ఆమె కూర్చుంది. పెద్దాయన వెనక నిలబడ్డాడు కాబట్టి అందరూ ముప్పై అయిదు నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. పరిశోధనలో నిలబడటం అలవాటు లేనివాళ్లు కాళ్లు మార్చుకున్నారు. చక్కగా వచ్చిన గీతను ఆమె కావాలని పక్కకు తోసినప్పుడు, "అదిగో సార్, చెడగొడుతోంది" అన్నారు డాక్టరుగారు. ఆమె నట్ బిగించింది. గీత నడిచొచ్చి తన చోట నిలబడింది. రెండో స్క్రూ. మూడోది. ఆరోదానికి డాక్టరుగారు మాట్లాడటం మానేసి ముందుకు వంగారు. పదోదానికి ఆయన పెదవులు ఏవో అంకెలు లెక్కపెడుతున్నాయి. కంపెనీలో చేరాక ఆయన నిజంగా పరిశోధన చేసింది ఆ అరగంటేనని నా అభిప్రాయం.

తప్పు జరిగిందని ఎవరూ అనలేదు. మూడో అంతస్తులో తప్పులు జరగవు, కొత్త అంశాలు వెలుగులోకి వస్తాయి. ఆరు వారాల్లో మూడో వ్యాసం వచ్చింది. ఎర్ర చుక్కలను వెనక్కి తెచ్చి, ఆకుపచ్చ రంగు వేసి, 'బిగింపు పూర్వ పరిహారం' అని నామకరణం చేశారు. దాన్ని యంత్రానికి నేర్పడానికి మరికొన్నేళ్లు పడుతుందట. అంతవరకూ ఆ పని చేసేదాన్ని పరికరాల పట్టికలో చేర్చారు: 'బాహ్య పరిహార వ్యవస్థ, ఒకటి.' సోఫా రాలేదు. పట్టికకెక్కిన పరికరాన్ని కదపాలంటే ఏడు సంతకాలు కావాలి. ఏడుగురు ఒకే వారంలో సీట్లో ఉండటం మా కంపెనీలో ఇంతవరకూ జరగలేదు.

మొన్న ఆస్తుల లెక్క చూసే ఆయన అంటించే నంబర్లు పట్టుకుని వచ్చాడు.

"బాహ్య పరిహార వ్యవస్థ ఎక్కడమ్మా?"

"నేనేనండీ."

ఆయన పట్టిక చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ పట్టిక చూశాడు. "నంబరు ఎక్కడ అంటించమంటారు?"

"బల్లకు అంటించండి. కదలనిది అదే."

"బరువు అని ఒక గడి ఉందమ్మా. ఖాళీగా వదిలితే కంప్యూటరు తీసుకోదు."

"మా అత్తయ్యనడగండి. నేనెంత బరువో ఆవిడ రోజూ చెబుతూనే ఉంటుంది" అని, ఆమె తర్వాతి పెట్టెను ముందుకు లాక్కుంది.